చేప పేగులో ఒక ట్రూత్ టేబుల్

చేప అనగానే మనలో చాలామందికి పులుసే గుర్తొస్తుంది. నాకు ఈమధ్య దాని పేగు గుర్తొస్తోంది. నవ్వకండి! ఎంజైముల గురించి చదువుతుంటే దొరికిన ఒక ప్రయోగం అంతగా పట్టేసింది. ఇంటర్‌లోనే బయాలజీకి దణ్ణం పెట్టేసిన వాళ్లకి కూడా ఇది అర్థమవుతుంది.

ముందు సమస్య చూద్దాం. మన పేగుల్లో లాగే చేప పేగులోనూ బాక్టీరియా కాపురం ఉంటుంది. గ్రామ్ నెగెటివ్ రకాల పైపొరలో ఎల్‌పీఎస్ అనే పదార్థం ఉంటుంది. అది తగిలితే శరీరం శత్రువు వచ్చాడనుకుని న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల్ని పంపుతుంది. మరి బాక్టీరియా ఎప్పుడూ ఉండేచోట రోజూ యుద్ధం ఎందుకు జరగట్లేదు?

పేగు లోగోడ కణాల పొరకి అతుక్కుని ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఎల్‌పీఎస్‌లో విషమంతా లిపిడ్ ఎ అనే భాగంలో ఉంది. దాని ఫాస్ఫేట్‌ని ఈ ఎంజైమ్ తెంపేస్తే విషం తగ్గిపోతుంది, కోరలు పీకిన పాములాగా.

ఇది నిజంగా చేప పేగులో జరుగుతుందా? 2007లో ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన కరెన్ గిల్లెమిన్ బృందం జీబ్రాఫిష్ పిల్లల్లో తేల్చింది. ఈ పిల్లల ఒళ్లు పారదర్శకం. వీటిని బాక్టీరియా లేకుండా పెంచొచ్చు, గుడ్డు దశలోనే ఎంజైమ్ తయారీని అడ్డుకోవచ్చు. అంటే రెండు స్విచ్‌లు, నాలుగు వరుసలు:

1. బాక్టీరియా ఉంది, ఎంజైమ్ ఉంది: న్యూట్రోఫిల్స్ మామూలు స్థాయిలో.
2. బాక్టీరియా ఉంది, ఎంజైమ్ లేదు: న్యూట్రోఫిల్స్ ఎక్కువ.
3. రెండూ లేవు: పేగులో న్యూట్రోఫిల్స్ లేవు.
4. బాక్టీరియా లేదు, ఎంజైమ్‌ని అడ్డుకోలేదు: న్యూట్రోఫిల్స్ తక్కువే, ఎంజైమ్ కూడా తక్కువే.

నాకు మూడో వరుసే అసలైనది అనిపించింది. ఎంజైమ్ లేకపోవడమే పేగుని పాడుచేస్తే, బాక్టీరియా లేకపోయినా వాపు రావాలి కదా? రాలేదు. అంటే ఎంజైమ్ పని బాక్టీరియాతో సర్దుకుపోవడమే. రెండో వరుస దగ్గరే ఆగిపోయుంటే ఇది తేలేది కాదు.

నాలుగోది ఇంకో విషయం చెప్తుంది. బాక్టీరియా వచ్చాకే ఎంజైమ్ పెరుగుతుంది. కంట్రోల్ సిస్టమ్స్‌లో మనం చదివే నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఇదే!

మన పేగుల్లోనూ ఇదే కుటుంబపు ఎంజైమ్ ఉంది. పెద్దపేగు వాపు రోగులకి దాన్ని మందుగా ఇచ్చి చూసిన పరీక్షలూ జరిగాయి. వేలెడంత చేపలో వేసిన టేబుల్ మనిషి కడుపు దాకా వచ్చిందన్నమాట. మీ ప్రాజెక్టులో కూడా "ఈ వరుస అవసరమా?" అనిపిస్తే, ఒకసారి నింపి చూడండి.