నిస్తంత్రీ వార్త చేరు విధము

రేడియో మర త్రిప్పినంతనే ఒక కేంద్రమువారి మాట పోయి మఱియొక కేంద్రమువారి పాట వినవచ్చును. ఆకాశమున నొకేసారి వందలకొలది కేంద్రముల తరంగములు సంచరించుచుండగా, పెట్టె వలసినదానినే ఎట్లు ఏరుకొనుచున్నది? ఏరుకొనలేకపోయినచో ఏమగును? మేము తరగతిలో ఈ పాఠము చెప్పునపుడెల్ల మొదటి ప్రశ్నను మీరే వేయుదురు. రెండవదానిని మేము వేయుదుము.

చెఱువులో రాయి వేసినచో అలలు వరుసగా ఒడ్డునకు వచ్చును. ఒక అల శిఖరము మొదలు తరువాతి అల శిఖరము వఱకు గల దూరము తరంగదైర్ఘ్యము. నీటిలో పాతిన గుంజను ఒక సెకండులో ఎన్ని అలలు దాటునో ఆ సంఖ్య పౌనఃపున్యము. తీగలో విద్యుత్తు అతివేగముగ ముందునకు వెనుకకు ఊగునప్పుడును తరంగములు పుట్టి నలుదెసల వ్యాపించును. వీనికి నీరుగాని గాలిగాని అక్కఱలేదు. జర్మనీ దేశపు హెర్ట్జు పండితుడు 1887–88 సంవత్సరములలో వీనిని ప్రయోగముచే నిరూపించెను. కావుననే సెకండునకు ఒక అల యను కొలతకు హెర్ట్జు అని పేరిడిరి. ఈ తరంగముల వేగము సెకండునకు సుమారు 3,00,000 కిలోమీటర్లు. వేగమును పౌనఃపున్యముచే భాగించినచో తరంగదైర్ఘ్యము వచ్చును. 5,00,000 హెర్ట్జుల తరంగము పొడవెంత? లెక్క కట్టుడు, 600 మీటర్లు వచ్చును. ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు.

ఇక ఏరుకొను విధము. ఒకే శ్రుతికి బిగించిన రెండు తంబురాలను దగ్గఱగా నుంచి, ఒకదాని తీగపై చిన్న కాగితపు ముక్క వేసి, రెండవదానిని మీటినచో ఆ కాగితము అదరును. శ్రుతి తప్పినచో కదలదు. దీనికి అనునాదమని పేరు. రేడియోలో తీగచుట్టయు కండెన్సరును కలిసి తంబురా తీగవలె పనిచేయును. మర త్రిప్పగా ఆ జంట శ్రుతి మాఱును. దానికి సరిపడు తరంగము మాత్రమే అందు బలముగ ఊగును.

అయితే దీనికొక హద్దు కలదు. ఇరువురు ఒకే శ్రుతిలో పలికినచో పెట్టె వారిని వేఱుపఱుపజాలదు. అప్పుడు సమీపమునందలి కేక దూరపు మాటను మ్రింగివేయును.

1912 ఏప్రిల్ 14వ తేది రాత్రి అట్లాంటిక్ సముద్రమున ఇదియే జరిగెను. నాటి ఓడలు విద్యుత్తు నిప్పురవ్వలతో తరంగములను పుట్టించెడివి. ఆ తరంగములు ఒక్క శ్రుతికి కట్టుబడక ఇరుప్రక్కలకు చిందెడివి. టైటానిక్ ఓడ ఆపరేటరు ఫిలిప్సు, దూరమందలి కేప్ రేసు కేంద్రముతో ప్రయాణికుల వార్తలను నడుపుచుండెను. అంతలో సమీపముననున్న కాలిఫోర్నియన్ అను ఓడ, మంచు చుట్టుముట్టుటచే తాము నిలిచిపోతిమని తెలుపబోయెను. ఆ ధ్వని పెనుమ్రోతయై అతని చెవిని బడెను. తన పనికి అడ్డురావలదని అతడు బదులిచ్చెను. కాలిఫోర్నియన్‌లో ఆపరేటరు ఒక్కడే. అతడు కొంతసేపటికి పరికరమును కట్టి నిద్రించెను. 11.40 గంటలకు టైటానిక్ మంచుకొండను తాకెను. ఆపద పిలుపు సమీపపు ఓడను చేరినను, వినువారు లేకపోయిరి. అంతకంటె దూరమున నున్న కార్పేథియా ఓడ విని, తెల్లవాఱుజామున వచ్చి 700 మందికి పైగా రక్షించెను. సుమారు 1,500 మంది మరణించిరి. తుదివఱకు పిలుపులు పంపుచునే యుండిన ఫిలిప్సు వారిలో నొకడు.

1914లో లండను నగరమున కుదిరిన ఒప్పందమునందు, పెద్ద ప్రయాణికుల ఓడలలో ఎల్లవేళల వినువారుండవలెనని నిర్ణయించిరి. 600 మీటర్ల తరంగము సముద్రమున ఆపద పిలుపులకు నియతమయ్యెను. తరువాతి కాలమున ఆ తరంగముపై గంటకు రెండుమాఱులు, మూడేసి నిమిషములు, అందఱు మౌనము వహించి వినవలెనను నియమము ఏర్పడెను. 1999లో ఉపగ్రహములతో కూడిన క్రొత్త పద్ధతి పూర్తిగా అమలునకు వచ్చువఱకు ఈ ఆచారము సాగెను.

ఆ మౌనమునందే శాస్త్ర మిమిడియున్నది. వార్త వినబడుట దాని బలము మీదనే గాక, చుట్టునున్న సందడి మీదను ఆధారపడును. పంపువాని శక్తిని పెంచుట ఒక ఉపాయము. సందడిని తగ్గించుట మఱియొకటి. మునుగుచున్న ఓడ తన శక్తిని పెంచుకొనజాలదు. కావున తక్కినవారు ఊరకుండుటయే దానికి మిగిలిన సహాయము.