వస్తలేదా, అందుతలేదా?

దుబాయ్‌లోని జెబెల్ అలీ, జూలై నెల, పొద్దున పదకొండు గంటలు దాటింది. జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు ఆరుబయట పంపు దగ్గర కూర్చుని, పైపు వెనక ఉన్న ఒక బోల్టుతో అరగంటగా కుస్తీ పడుతున్నాడు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు, చట్టం. ఆలోపు ముగించాలని వాడి తొందర. పానా జారి జారి బోల్టు తల మూలలు అరగడం మొదలైంది.

"అన్నా, ఇది వస్తలేదు" అంటూ పానా చివరకు ఇనుప గొట్టం తొడగబోయాడు, బలం పెంచుదామని.

"వస్తలేదు కాదు తమ్మీ, అందుతలేదు" అన్నాను.

ఫోన్ వెనక్కి పెట్టి ఫొటో తీయమన్నాను. చూస్తే పానా మూతి బోల్టు తలను ఒక మూలనే పట్టుకుని ఉంది. అరగంట బలమంతా ఆ ఒక్క మూల మీదే పడింది.

మీకు ఏదైనా పని కుదరనప్పుడు ముందు ఈ ప్రశ్న వేసుకోండి: వస్తలేదా, అందుతలేదా? రెండింటికీ మందు వేరు. నిజంగా రాకపోతే తుప్పుకు నూనె పెట్టాలి, ఓపిక పట్టాలి, చివరికి బలం వాడాలి. అందకపోతే బలం ఎంత పెంచితే అంత నష్టం. ఆఫీసులో పై అధికారి మాట వినడం లేదనుకుంటాం. ఆయన తీరిక లేని వేళలో, నలుగురి ముందు అడిగి ఉంటాం. రెండోసారి గొంతు పెంచుతాం. మూలలు అరిగేది అక్కడే.

అందని చోటికి చేరడానికి మా పెట్టెలో చాలా ఉన్నాయి. లోతుగా ఉంటే ఎక్స్‌టెన్షన్ రాడ్, వంకర దారి అయితే యూనివర్సల్ జాయింట్. సాకెట్‌లోంచి నట్టు జారి పడుతుంటే చిన్న కాగితం ముక్క అడ్డుపెట్టి నొక్కితే చాలు, బిర్రుగా పట్టుకుంటుంది. పైపు వెనక బోల్టుకు మాత్రం క్రోఫుట్. చేతి పిడి లేని పానా మూతి అది, కాకి పాదంలా ఉంటుంది. దాన్ని రాడ్‌కు తగిలించి వెనక నుంచి పంపితే, పావుగంటలో బోల్టు చేతిలోకి వచ్చింది.

అసలు పాఠం తిరిగి బిగించేటప్పుడు నేర్చుకున్నాడు. నిటారు ఎక్స్‌టెన్షన్ పెడితే, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ లెక్క మారదు. క్రోఫుట్ అలా కాదు. రెంచ్ పొడవు 400 మిల్లీమీటర్లు, ముందుకు చాచిన క్రోఫుట్ 50 అనుకోండి. బోల్టుకు కావలసింది 90 న్యూటన్ మీటర్లు. రెంచ్ మీద 90 పెట్టి బిగిస్తే బోల్టు మీద 101 దాటుతుంది. అందుకే 80 పెట్టాలి. అదే క్రోఫుట్‌ను రెంచ్‌కు లంబకోణంలో అమరిస్తే ఈ సవరణ అక్కర్లేదు. ఇది తెలియక బోల్టులు తెంపినవాళ్లు ఎందరో. చేతిలో రెంచ్ చూపిన అంకె నిజమే, బోల్టు మోసిన భారమూ నిజమే, రెండూ ఒకటి కావు.

ఆ రాత్రి క్యాంపులో పడుకుని నేను నా కొడుకు గురించి ఆలోచించాను. వాడు బాగా చదవాలని రోజూ నా భార్యతో చెప్పించేవాడిని. నేను పంపేది 80. ఆమె తన దిగులు కలిపి వాడి మీద పెట్టేది 90, 100. వాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. 'నా మాటంటే లెక్కలేదు, ఖల్లీవల్లీ, పోనీలే' అని నేనూ ఊరుకున్నాను. మధ్యలో ఒకరి చేత మాట పంపుతున్నప్పుడు వాళ్ల పొడవు కూడా లెక్కలోకి వస్తుందని నాకు తట్టలేదు. తప్పు ఆమెది కాదు. సరిచేసుకోవాల్సింది నా అంకెను.

ఇంకొకటి, నేను ఫోన్ చేసేది ఇక్కడ రాత్రి 9 గంటలకు. ఊళ్లో అప్పటికి పదిన్నర, వాడు నిద్రలో ఉండేవాడు. మీరు కూడా ఈ ఒక్క పని చేసి చూడండి. అందని మనిషి రోజు ఎలా గడుస్తుందో కాగితం మీద రాయండి, గంట గంటకూ. మీకు ఎక్కడ తీరికో కాదు, వాళ్ల రోజులో ఎక్కడ సందు ఉందో వెతకండి.

నేను వెతికాను. తెల్లవారి 5.30కు కంపెనీ బస్సు కోసం నిలబడే చోటు నుంచి చేస్తున్నాను. అక్కడ ఏడు గంటలు, వాడు బడికి బయల్దేరే ముందు సైకిల్ తుడుస్తుంటాడు. చదువు మాట ఎత్తను. మొన్న చైన్ వదులైందట. వెనక చక్రం నట్టుకు ఏ పానా పట్టాలో అడిగాడు. "పదిహేను పట్టి చూడు, వదులుగా ఉంటే పద్నాలుగు" అన్నాను. ఫోన్ నేల మీద పెట్టి చూస్తున్నట్టున్నాడు, పానా రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. బస్సు వచ్చింది. "ఉండు నాన్నా, పట్టుకుంది" అన్నాడు.