లెక్క అడగడానికి సముద్రం అడ్డం కాదు

ప్రశ్న: మాది రాయచోటి. కువైట్‌లో డ్రైవర్ని. మన ఎంబసీ సంక్షేమ నిధి ఖర్చు లెక్క అడిగే హక్కు నాకుందా అండీ?

జవాబు: ఉంది. సమాచార హక్కు చట్టం–2005 చూసేది పౌరసత్వాన్నే, నివాసాన్ని కాదు. ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో 10 రూపాయల రుసుముతో అడగొచ్చు. 2009లో మొదలైన ఆ నిధి మీబోటివాళ్లు కాన్సులర్ సేవలకు కట్టే డబ్బుతోనే నడుస్తోంది, మొహమాటం దేనికి? ‘సాయం ఎందుకు చేయలేదు’ అని నిలదీయకండి. ఏ ఏడాది, ఎంతమందికి, ఏ పనికి ఎంత ఇచ్చారో రికార్డు అడగండి. 30 రోజుల్లో జవాబు రాకుంటే మొదటి అప్పీలు వేయండి. సాయం పొందినవారి పేర్లు అడిగితే మాత్రం కష్టమే. వ్యక్తిగత సమాచారం ఇవ్వకుండా మినహాయించే సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె)ని 2023 డేటా రక్షణ చట్టం బాగా బిగించింది, దానిపైనే ఇప్పుడు రగడంతా. అయితే ప్రజాప్రయోజనం పైచేయి అయితే ఇవ్వొచ్చనే 8(2) అలాగే ఉంది. అప్పీలులో దాన్ని ఎత్తిచూపండి.