వణికిన దృశ్యము – నిలిచిన శాసనము

వంశధార ఎడమగట్టున గల శ్రీముఖలింగమును తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరముగా చరిత్రకారులు గుర్తించినారు. మధుకేశ్వరాలయమున సంస్కృతాంధ్ర శాసనములు పెక్కు కలవు. వానిని చదివిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో ఆ సమీపమందలి పర్వతాలపేటలోనే జన్మించినారు. (ఆయన పుట్టిన గడ్డను గూర్చి గ్రాంథికపు వాసనతో వ్రాయుచున్నందుకు పాఠకులు మమ్ము క్షమింతురు గాక.)

2008లో మేము ఇంటర్మీడియట్ చదువుచుండగా మా తెలుగు గురువుగారు మమ్ము అచ్చటికి తీసికొనిపోయి, ఒక శాసనముపై వ్రేలు నడుపుచు అక్షరమక్షరముగా చదివి వినిపించినారు. హ్యాండీకామ్ మా చేతిలో నుండెను. నేడు గురువుగారు లేరు. ఆయన పాఠము చెప్పుచున్న దృశ్యము వేరొకటి లేదు. దానిని మా తరగతిలో చూపగా రెండు నిమిషములకే విద్యార్థులు తలలు పట్టుకొన్నారు. గోడ ఊగుచున్నది, అక్షరములు ఎగురుచున్నవి. నేరము మా చేతిది.

ఈ వణుకును మాన్పు సాఫ్ట్‌వేర్ కొరకు వెదకితిమి. ఖరీదైనవి కొన్ని కలవు. జైరోఫ్లో అనునది ఉచితమే గాని, చిత్రించునాడు కెమెరా కదలికలను జైరోస్కోపు నమోదు చేసియుండవలెను. పాత టేపున కట్టివి లేవు. విర్చువల్‌డబ్‌తో పనిచేయు డీషేకర్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో పనిచేయు విడ్‌స్టాబ్ – ఈ రెండును ఉచితములు, బొమ్మను మాత్రమే చూచి వణుకును కనిపెట్టగలవి. మేము రెండవదానిని గ్రహించితిమి.

దాని పద్ధతి సులభము. పడవలో కూర్చున్నవానికి గట్టు ఊగుచున్నట్లు కనబడును. గట్టు ఎంత ఊగినదో కొలిచినచో పడవ ఎంత ఊగినదో తెలియును గదా! అట్లే మొదటి విడతలో సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేములోని గుర్తులను తరువాతి ఫ్రేముతో పోల్చి, ఎటు ఎంత జరిగినది, ఎంత తిరిగినది లెక్క వ్రాసికొనును. రెండవ విడతలో ఆ లెక్కను నునుపుచేసి, ప్రతి ఫ్రేమును వ్యతిరేక దిశకు జరుపును. నునుపు సంఖ్య 10 అన్నచో ముందు పది, వెనుక పది, నడుమ ఒకటి, వెరసి 21 ఫ్రేముల సగటు. మన దేశపు టేపులలో సెకనుకు 25 ఫ్రేములు. కనుక అది ఒక్క సెకనైనను కాదు. చేతి వణుకు పోయినది గాని నిలుచున్నవాని ఊపు పోలేదు. 30 చేయగా 61 ఫ్రేములై, దాదాపు రెండున్నర సెకనుల సగటు వచ్చి ఊపును తగ్గినది. టేపు దృశ్యములో ఒక్కొక్క ఫ్రేము రెండు సగములుగా అల్లబడియుండును. ముందుగా ఆ అల్లికను విడదీయనిచో ఈ శ్రమయంతయు వృథా.

అసలు చిక్కు మరియొకచోట వచ్చినది. గురువుగారి తెల్లచొక్కా చేయి ఫ్రేములో సగము నిండినచోట సాఫ్ట్‌వేర్ ఆ చేతినే నేలగా భావించి, చేతిని నిలిపి గోడను ఊపినది! మసకవెలుతురులో రాతికంటె చొక్కా అంచులే దానికి స్పష్టముగా తోచినవి. తక్కువ స్పష్టత గల గుర్తులను విడిచివేయు హద్దు ఒకటి దానియందు కలదు. ఆ హద్దును తగ్గించగా రాతిగుర్తులును లెక్కకు వచ్చి, గోడ నిలిచి, చేయి కదలినది.

జరిపిన ఫ్రేముకు అంచులలో ఖాళీ ఏర్పడును. దానిని కనబడనీయకుండుటకు సాఫ్ట్‌వేర్ బొమ్మను పెంచి అంచులను కోయును. అట్లు కోసినచో శాసనము నిండుగా కనబడినది గాని, ఫ్రేము కుడియంచున నున్న గురువుగారి ముఖము పోయినది. మేము చాలసేపు ఆ తెరముందు కూర్చుంటిమి. తుదకు పెంపును సున్న చేసి, నల్లని అంచులను అట్లే ఉంచితిమి. తరగతిలో ఆ ప్రతినే చూపుచున్నాము. అంచులను గూర్చి ఇంతవరకు ఎవరును అడుగలేదు.

ఆ హ్యాండీకామ్‌లోని సీసీడీ బొమ్మనంతటిని ఒక్కమారుగా గ్రహించునది గనుక గోడలు వంగలేదు. నేటి ఫోన్లు వరుసవెంట వరుసగా గ్రహించును. కుదుపులో స్తంభము జెల్లీవలె వంగును, దానిని సరిచేయుట మరింత కష్టము. ఫోనుతో చిత్రించు విద్యార్థులు మోచేతులను ప్రక్కలకు ఆనించి నిలువవలెను.

అలుకుకొనిపోయిన అక్షరమును మాత్రము ఏ సాఫ్ట్‌వేరును తిరిగి తేలేదు. మూడవ పంక్తిలో గురువుగారి వ్రేలు ఆగినచోట మా చేయి గట్టిగా అదరినది. ఆ ఫ్రేములు నిలిచినవి గాని అక్షరము మసకగానే యున్నది. దాని కొరకు మరల శ్రీముఖలింగము వెళ్లవలసియున్నది. ఈసారి ట్రైపాడ్ తీసికొని వెళ్లెదము.