ఆటగాని మారకపు విలువ

గడచిన వర్షాకాలమున పద్మనగరమునుండి ఒక తండ్రిగారు మా గణితపు తరగతికి వచ్చి నన్ను కలిసికొనిరి. ఆయన ముప్పది యేండ్లుగా సాంచాలు నడుపుచున్నవారు. “సారూ, మా పిల్లవాడు రాత్రి పూట తమ్మునితో ‘రెండు పిక్కులిచ్చి ఒక మనిషిని తెచ్చితి’ననుచున్నాడు. పిక్కనగా నేనెరుగుదును. పిక్కులకు మనుషులను మార్చుకొనుట మాత్రము నేనెన్నడును వినలేదు” అనిరి.

మన భివండీలో పిక్కనగా నాడె ఒక్కసారి సాగి పడుగు నడుమ వేయు పేక పోగు. అంగుళమునకెన్ని పిక్కులో దానిని బట్టి గుడ్డ, గుడ్డను బట్టి కూలి. పిల్లవాడు చెప్పిన పిక్కు వేరు. అది బాస్కెట్‌బాల్ ఆటకు సంబంధించిన మాట. ఆ తండ్రిగారికి ఆనాడు అరగంటలో చెప్పినదానినే, ఇతర తల్లిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో, ఇచ్చట కొంచెము విస్తరించి వ్రాయుచున్నాను.

పిల్లవాడు ఆడుచుండినది నమూనా లీగు. అందు బంతి లేదు, చెమట లేదు. కంప్యూటరులో ముప్పది జట్లు, వాటిలో కల్పిత ఆటగాండ్రు ఉందురు. ఆడువాడు ఒక జట్టునకు వ్యవస్థాపకుడై, ఎవరిని ఉంచుకొనవలెను, ఎవరినిచ్చి ఎవరిని తెచ్చుకొనవలెనని నిర్ణయించును. ఆటల ఫలితములను యంత్రము గణించి చెప్పును. ఇట్టివానిలో ప్రసిద్ధమైనది అమెరికాలో జెరెమీ షెఫ్ అనునతడు నిర్మించిన ‘బాస్కెట్‌బాల్ జి.ఎమ్.’. దానికి రుసుము లేదు, పందెమును లేదు. సొమ్ము కట్టించుకొని జట్లను కూర్పించు ఆటలు వేరు. వాటివలన ఎన్నియో ఇండ్లు గుల్లయైనవి. 2025 ఆగస్టులో పార్లమెంటు అట్టి ధనపుటాటలను నిషేధించుచు శాసనము చేసినది. మీ పిల్లవాని చేతిలోనున్నది ఏ జాతి ఆటయో తెలిసికొనుటకు ఒక్క ప్రశ్న చాలును: లోనికి ప్రవేశించుటకు అది సొమ్మడుగునా, అడుగదా?

ఇక మారకపు విలువ మాటకు వత్తము. ప్రతి ఆటగానికిని నూటికిన్ని మార్కులని నేర్పును సూచించు ఒక అంకె యుండును. ఎక్కువ అంకె గలవానికి ఎక్కువ విలువ యని పిల్లలు మొదట తలంతురు. అది పొరపాటు. సాంచా కొనబోవునప్పుడు మనము ఏమి చూతుము? నేడెన్ని మీటర్లు నేయుచున్నదని మాత్రమే చూడము. ఎన్నేండ్లనాటిది, ఇంకెన్నేండ్లు నడచును, నెలకు మిస్త్రీ ఎన్నిమారులు రావలసియుండును, కరెంటెంత త్రాగును అనియు విచారింతుము. నిన్నటివరకు చక్కగా నడచిన సాంచాయే నేడు తూకమునకు పోవుట మన వీధులలో చూచుచునే యున్నాము.

ఇచ్చట ముందుగా తెలియవలసినది ‘బదిలీవాని’ సంగతి. వెనుకటి బొంబాయి మిల్లులలో పనివాడు రానినాడు ద్వారమువద్ద వేచియుండు బదిలీవానిని పిలిచెడివారు. మన పెద్దలలో పలువురు బదిలీలుగనే జీవితము నారంభించిరి. ఆటలోను అంతే. ఎవ్వరికిని అక్కరలేక, అడిగినంతనే స్వల్పజీతమునకు వచ్చు ఆటగాడు ఎప్పుడును దొరకును. అతని అంకె 45 అనుకొందము. అట్లయినచో 60 అంకెగలవాని నిజమైన విలువ 60 కాదు, 15 మాత్రమే. ఏలన తక్కిన 45 ఉచితముగా దొరకునదే. 80 గలవాని విలువ 35.

ఈ ఒక్క సంగతి తెలిసినచో పిల్లలు తరచుగా మోసపోవు బేరము తేటపడును. “నీ 80 వానిని నాకిమ్ము, నేను 60 వారిని ఇద్దరినిత్తును, మొత్తము 120 గదా” అని ఒకడనును. వినుటకు లాభముగనే యుండును. కాని 80 వానిని ఉంచుకొన్నవానికి రెండవ స్థానమున బదిలీవాడు ఉచితము. 80యు 45యు కలిసి 125. ఇద్దరు 60 వారు కలిసి 120. బాస్కెట్‌బాల్‌లో ఒక్కొక్క పక్షమున ఒకేమారు ఐదుగురు మాత్రమే ఆడుదురు గనుక స్థానము మిక్కిలి విలువైనది. ముగ్గురు మధ్యరకపువారిని ఒకే స్థానమున నిలుపజాలము. ఇందువలననే ఇట్టి ఆటలను నిర్మించువారు అంకెలను ఊరక కూడక, వాటిని హెచ్చు ఘాతములకు పెంచి కూడుదురు. 60 యొక్క ఘనము 2,16,000. రెండు కలిసి 4,32,000. 80 యొక్క ఘనము ఒక్కటియే 5,12,000. తొమ్మిదవ తరగతిలో ఘనములు ఎందులకని అడుగు విద్యార్థులకు ఇది చూపినప్పటినుండి ఆ ప్రశ్న తగ్గినది.

తరువాతిది వయస్సు. ఇద్దరిని తీసికొందము. ఒకనికి 22 ఏండ్లు, అంకె 58. వేరొకనికి 31 ఏండ్లు, అంకె 68. చిన్నవాడు రాబోవు ఐదేండ్లలో 58, 62, 66, 68, 68 అగునని అంచనా. పెద్దవాడు 68, 66, 62, 57, 51 అని దిగును. బదిలీవాని 45 ప్రతియేడును తీసివేసి కూడినచో చిన్నవానికి 97, పెద్దవానికి 79 వచ్చును. కాని ఈ సంవత్సరమొక్కదానినే చూచినచో చిన్నవాడు 13, పెద్దవాడు 23. అట్లు కాక, పెద్దవాని ఒడంబడిక ఈ ఏటితో తీరునదైనచో అతని విలువ 79 కాదు, ఆ 23 మాత్రమే. అటుపై అతడు ఎచ్చటికైనను పోవచ్చును. జీతమును అటులే. ఒకే అంకెగల ఇద్దరిలో తక్కువ జీతమునకు ఎక్కువ కాలము కట్టుబడినవాడే మారకములో విలువైనవాడు.

జీతమునకు హద్దు లేనియెడల ధనికుడెవ్వడో వాడే గెలుచును. అందుచేత లీగులలో ఒక్కొక్క జట్టు వ్యయపరచదగిన మొత్తమునకు పరిమితి పెట్టుదురు. దీని ఫలితము మన తెలుగువారికి బాస్కెట్‌బాల్‌లోకంటె కబడ్డీలో బాగుగా తెలియును. మన వీధులలో తెలుగు టైటన్స్ ఆటనాడు టెలివిజనుముందు కూడువారు తక్కువవారు కారు.

2023 అక్టోబరులో ముంబయిలో ప్రో కబడ్డీ లీగు వేలము జరిగినది. ఒక్కొక్క జట్టునకు పరిమితి 5 కోట్ల రూపాయలు. తెలుగు టైటన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనిరి. అదివరకు ఆ లీగులో ఎవ్వరికిని అంత వెల పలుకలేదు. నూటికి 52 వంతులు ఒక్కనికే పోయినవి. జట్టులో కనీసము 18 మంది ఉండవలెను. మిగిలిన 2 కోట్ల 39 లక్షల 50 వేలను పదునేడుగురికి పంచినచో తలకు రమారమి 14 లక్షలు. కబడ్డీలో కూతకు పోవువాడు ఒక్కడే, కాని పట్టవలసినవారు ఏడుగురు. పవన్ ఆ యేడు అగ్రశ్రేణి రైడర్లలో ఒకడుగనే నిలిచెను. కొన్న సరుకు నకిలీది కాదు. అయినను జట్టు 22 ఆటలలో రెండే గెలిచి పన్నెండింటిలో చివరిదైనది.

ఇంతటితో ఆపినచో ‘ఒక్కనికి అంత పోయరాదు’ అను తీర్పు సులభముగా వచ్చును. అది సరికాదు. అదే వేలములో పుణేరి పల్టన్ ఇరానుదేశీయుడైన మొహమ్మద్‌రెజా షాద్లూయికి 2 కోట్ల 35 లక్షలు పోసిరి. అదియు పరిమితిలో నూటికి 47 వంతులు. ఆ పుణె జట్టే పట్టికలో మొదటిదై, 2024 మార్చి 1వ తేదీన మన హైదరాబాదులోనే హర్యానా స్టీలర్స్‌ను 28-25తో ఓడించి విజేతయైనది. రెండు జట్ల పెద్ద ఖర్చులో భేదము స్వల్పము. భేదమంతయు తక్కిన సగములో నున్నది. పుణెకు నాయకుడైన అస్లమ్ ఇనామ్‌దార్, అతని తోడి మోహిత్ గోయత్ 2021 నుండి ఆ జట్టులోనే పెరిగిన యువకులు. తక్కువ వెలకు తెచ్చి, ఆడించి, నిలుపుకొన్నవారు. వారుండుటచేతనే షాద్లూయిపై అంత పోయగలిగిరి. కావున ఒక ఆటగాని విలువ అతనియందు మాత్రమే లేదు, కొనువాని ఇంటిలో అదివరకేమున్నదో దానియందును ఉన్నది. ఇది నాకు తోచిన అభిప్రాయము. టైటన్స్ అభిమానులు కొందరు ఒప్పుకొనరని ఎరుగుదును.

ప్రమాదము సంగతియు పవన్ చరిత్రలోనే కలదు. అంతకు ముందటి 2022లో తమిళ్ తలైవాస్ అతనిని 2 కోట్ల 26 లక్షలకు కొనిరి. మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సంవత్సరమంతయు ఆడలేకపోయెను. తలైవాస్ మాత్రము అతడు లేకయే సెమీఫైనలు వరకు పోయిరి. అందుచేత రాబోవు ఏండ్ల అంకెలను పూర్తిగా లెక్కకు తీసికొనరాదు. దూరమునకు పోయినకొలది కొంత తరుగు తీయవలెను. ఎంత తీయవలెనో ఎవ్వరును ఖండితముగా చెప్పలేరు.

ఇప్పుడు ఆ పిల్లవాని పిక్కు. అమెరికాలో ప్రతియేటను క్రొత్తగా వచ్చు యువకులను జట్లు వంతులవారీగా ఎన్నుకొందురు. ఓడినవారికి ముందు వంతు దొరకు అవకాశ మెక్కువ. ఈ వంతే పిక్కు. విశేషమేమనగా, రాబోవు మూడు నాలుగేండ్ల వంతును నేడే ఇతరులకు ఇచ్చివేయవచ్చును. ఆ వంతున వచ్చువాడు నేడు ఏ పాఠశాలలో చదువుచున్నాడో ఎవ్వరికిని తెలియదు. ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ’మని మనవారు నవ్విన సరుకిదే. అయినను దానికి బజారులో వెల కలదు.

2013లో బ్రూక్లిన్ నెట్స్ అను జట్టు వెంటనే విజేత కావలెనని బోస్టన్ సెల్టిక్స్‌నుండి కెవిన్ గార్నెట్, పాల్ పియర్స్, జేసన్ టెర్రీలను తెచ్చుకొనెను. గార్నెట్‌కు అప్పటికి 37 ఏండ్లు. తక్కిన ఇద్దరికిని 35. అందుకు బదులుగా 2014, 2016, 2018 సంవత్సరముల మొదటి వంతులను, 2017లో వంతులు తారుమారు చేసికొను హక్కును బోస్టన్‌కు ఇచ్చెను. బ్రూక్లిన్ 2014లో ఒక్క మెట్టు గెలిచి, రెండవదానిలో ఓడినది. తరువాత ముసలివారు పోయిరి, జట్టు అడుగంటినది. ఓడినకొలది వంతు ముందుకు వచ్చెడిది. కాని ఆ వంతు పరులది. బోస్టన్ ఆ వంతులతో 2016లో జేలెన్ బ్రౌన్‌ను, 2017లో జేసన్ టేటమ్‌ను తెచ్చుకొనెను. ఆ ఇద్దరే 2024లో బోస్టన్‌ను విజేతగా నిలిపిరి.

బ్రూక్లిన్ వారు మూర్ఖులని పుస్తకములు వ్రాయును. నేనంత త్వరపడను. గెలుపుకు అంగుళము దూరముననున్నవానికి ఈ యేటి 23 ఇతరుల 97 కంటె విలువైనదే. వారి తప్పు ముసలివారిని కొనుటలో లేదు; ఒక బేరములోనే నాలుగేండ్ల వంతులను చిక్కించుకొనుటలో నున్నది. ఒక్క యేటి వంతైనను చేత మిగుల్చుకొనియుండిన బాగుండెడిది.

ఈ పాఠమును మా తొమ్మిదవ తరగతివారు కాగితపు చీటీలతో, పాచికలతో ఆడిరి. ఎనిమిది జట్లు, జట్టునకు ఐదు చీటీలు, ఒక్కొక్క చీటీపై వయస్సు, అంకె, జీతము. చివరి స్థానముననున్న ఒక బాలిక తనయొద్దనున్న 33 ఏండ్ల 70 వానిని మొదటి జట్టునకిచ్చి రెండు వంతులు పుచ్చుకొనినది. తరగతియంతయు నవ్వినది. మొదటి వంతున పాచిక కలిసిరాక బదిలీవానికంటె తక్కువవాడు పడెను. రెండవ వంతున 64 వాడు వచ్చెను. ఆమె విజేత కాలేదు; మూడవదైనది.

ఆ దినమున ఒక బాలుడు లేచి, “సార్, మా అన్నను ఎనిమిదవ తరగతిలో మాన్పించి కండెలు చుట్టుటకు పంపిరి. అది ఏ జాతి మారకము?” అని అడిగెను. తరగతిలో ఎవ్వరును నవ్వలేదు. ఆ కుటుంబమును నేనెరుగుదును. ఆ యేడు నూలు ధర పెరిగి సాంచాలు నెలల తరబడి ఆగిపోయెను. తండ్రికి అప్పు వాయిదా మీదికి వచ్చినది. ఆయనకు ఆ నెల కూలి కావలసియుండెను, పదేండ్ల తరువాతిది కాదు. ఆయనను తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. బాలునికి మాత్రము, లెక్క వేసి చూడుమంటిని. అన్న నెల కూలి ఒక వరుసను, చదివియుండినచో రాగల జీతము వేరొక వరుసను వ్రాసెను. బదిలీవాని కూలి దేనిని తీసికొనవలెనని అడిగెను. అన్నకు ఇప్పుడు వచ్చుచున్న కూలియే బదిలీవాని కూలి యని అతడే తెలిసికొనుటకు కొంతసేపు పట్టినది. తరువాత, ఎన్ని సంవత్సరములకు లెక్క కట్టవలెనని అడిగెను.

అన్నకు ఇప్పుడు పదునారేండ్లు. రాత్రి పాఠశాలలో చేరి పదవ తరగతి పరీక్షకు కూర్చుండు మార్గము ఇంకను తెరచియే యున్నది. తండ్రిగారితో ఆ సంగతి ఒకమారు మాటలాడితిని. దీపావళి అప్పు తీరిన తరువాత చూతమనిరి. పిల్లవాడు వ్రాసిన లెక్క మా తరగతి బీరువాలో చీటీల పెట్టెతోకూడ భద్రముగా నున్నది. శనివారము మధ్యాహ్నము సాంచాలు ఆగువేళ వచ్చినచో తల్లిదండ్రులెవ్వరైనను ఆ చీటీలతో ఒక ఆట ఆడి చూడవచ్చును.