గృహపరీక్ష

పిల్లలారా! సంతలో ఎద్దును కొను రైతును మీరు చూచియే యుందురు. పలుపు చేతబట్టుటకు ముందు అతడు ఎద్దు నోరు తెరిపించి పండ్లు చూచును. నాలుగడుగులు నడిపించి నడక చూచును. మీ యవ్వ కుమ్మరి వాకిట కుండను కొనునపుడు దానిని వ్రేలితో తట్టి, ధ్వని విని గాని బేర మాడదు. ఇట్లు పరీక్షించి కొనుట మనకు వాడుక. కాని అన్నిటికంటె విలువైన ఇంటిని కొనునపుడు గాని, అద్దెకు తీసికొనునపుడు గాని మనము చూచున దేమి? గోడల రంగు, గదుల వైశాల్యము, నీటి వసతి. ఆ ఇంట సుఖముగా నుండుటకు ఏటేట ఎంత ఇంధనము కావలయునో విచారించువారు అరుదు. ఈ విచారణను చట్టముచేతనే చేయించు దేశములు కొన్ని కలవు. వానిలో ఇంగ్లండు ఒకటి. అచ్చట నేను స్వయముగా చూచిన సంగతి నొకదానిని మీకు చెప్పెదను.

ఇంగ్లండు చలిదేశము. శీతకాలమున అచ్చటివారు ఇండ్లను వెచ్చజేసికొనక తప్పదు. చాల ఇండ్లలో గ్యాసుతో పనిచేయు బాయిలరు నీటిని కాచి, గొట్టముల గుండ గదులలోని రేడియేటర్లకు పంపును. ఆ వేడిని ఇల్లు నిలుపుకొనలేనిదైనచో, ఎంత గ్యాసు కాల్చినను చిల్లికుండలో నీరు పోసినట్లే యగును. రక్షణ లేని ఇంటిలో సుమారు నాలుగవవంతు వేడి పైకప్పు గుండనే వెలికి పోవునని చెప్పుదురు.

ఈ నష్టమును గుర్తించి ఐరోపా సమాఖ్య 2002లో ఒక ఆదేశము వెలువరించినది. ఇల్లు కట్టినను, అమ్మినను, అద్దెకిచ్చినను దాని ఇంధన సామర్థ్యమును తెలుపు పత్రమును చూపవలెనని దాని సారాంశము. ఇంగ్లండు, వేల్సులలో ఈ పద్ధతి అమ్మకపు ఇండ్లకు 2007 ఆగస్టు 1 నుండి క్రమక్రమముగాను, అద్దె ఇండ్లకు 2008 అక్టోబరు 1 నుండియు అమలులోనికి వచ్చినది. 2020లో బ్రిటను సమాఖ్యను వీడినను ఈ పద్ధతిని వీడలేదు. పత్రముపై ఇంటికి 'ఏ' మొదలు 'జి' వరకు ఏడు తరగతులలో ఒకటి వేయుదురు. 92 మార్కులును అంతకు మించియు వచ్చినది 'ఏ' తరగతి. 20కి లోబడినది 'జి'. 2018 ఏప్రిల్ 1 నుండి, కొన్ని మినహాయింపులు తప్ప, 'ఎఫ్', 'జి' తరగతుల ఇండ్లను క్రొత్తగా అద్దెకీయరాదని నిషేధించిరి. 'ఇ' తరగతికి కనీసము 39 మార్కులు రావలెను.

2019 శరదృతువున నేను మా అమ్మాయి ఇంటికి పోయియుంటిని. అది నూరేండ్లకు మించిన యెర్రయిటుకల ఇల్లు. దానిని వారు 2009లో కొనిరి. అల్లునికి వేరొక నగరమున ఉద్యోగమైనందున ఆ ఇంటిని అద్దెకీయ దలచిరి. దస్తావేజుల కట్ట విప్పగా అందు కొన్ననాటి ఇంధన సామర్థ్య పత్రము కనబడెను. దానిపై 'ఎఫ్' అని యుండెను. పదియేండ్ల గడువు అప్పటికే తీరిపోయినది.

మా అమ్మాయి ఆ కాగితమును చేతబట్టుకొని చాలసేపు ఊరకుండెను. పిదప, "నాన్నగారూ! ఇది పదియేండ్లు మా పెట్టెలోనే యున్నది. దీనిని చదువనందులకు మేము ప్రతి చలికాలమును జరిమానా చెల్లించితిమి" అనెను. మొదటి శీతకాలమున కిటికీ అద్దములపై నీరు ధారలు కట్టుట, గది మూలల నల్లని బూజు పట్టుట, ఆరు నెలల పసివాడు రాత్రులు దగ్గుట, గ్యాసు బిల్లు చూచి దంపతులు ఒకరి మొగ మొకరు చూచుకొనుట, అన్నియు ఆమె జ్ఞప్తికి వచ్చినవి.

గడువు తీరినందున క్రొత్త పరీక్ష అవసరమయ్యెను. అల్లునికి మంచి ఆశ యుండెను. గోడలకు రంగులు వేయించినాడు. వంటగదిలో మెరయు రాళ్లు పరపించినాడు. పరీక్షకుడు వచ్చి వానిని కన్నెత్తియైన చూడలేదు! గదుల కొలతలు తీసికొనెను. కిటికీ వద్ద గోడ మందము కొలిచి, అది నడుమ ఖాళీలేని గట్టి ఇటుకగోడ యని వ్రాసికొనెను. నిచ్చెన వేసి అటుక యెక్కి, అచ్చట పరచిన రక్షణపొర మందము కొలిచెను. అది 50 మిల్లీమీటర్లు మాత్రమే, పరవవలసినది 270. కిటికీలు ఒంటి అద్దమువి. బాయిలరు పాతది. వేడినీటి తొట్టికి తొడుగు లేదు. "గోడలకు లోపలినుండి రక్షణపొర యేమైన వేయించితిరా? వేయించినచో రసీదు చూపుడు" అని అడిగెను. అతడు గోడను తొలిచి చూడడు. ఆధారము లేనిచో ఇంటి వయస్సునుబట్టి నిర్ణయించును. మీరెన్ని దీపములు వెలిగింతురు, ఎంత గ్యాసు వాడుదురు అని మాత్రము అడుగలేదు. ఆ పత్రము ఇంటి గుణమును తెలుపునదే గాని, ఇంటివారి అలవాట్లను తెలుపునది కాదు.

కొన్ని దినములకు ఫలితము వచ్చెను: 34 మార్కులు, 'ఎఫ్' తరగతి. మన బడి లెక్కనైనను ఒక్క మార్కు తక్కువయే! "పైన పటారము, లోన లొటారము" అని పెద్ద లూరక అనలేదు.

ఆ వారముననే మన జిల్లా యువకుడొకడు భార్యతోను పసిబిడ్డతోను ఇల్లు చూడవచ్చెను. ఇల్లు వారికి నచ్చినది. "అన్నయ్యా! పత్రములతో మాకేమి పని? మనవారము గదా! రేపే దిగెదము" అని అతడు తొందరపెట్టెను. అల్లుడు నావైపు చూచెను. ఇంటి అప్పు వాయిదా నెలనెల కట్టవలసినదే. అద్దె రాని ప్రతి నెలయు అతనికి భారమే. నేను నోరు విప్పకమునుపే మా అమ్మాయి, "తమ్ముడూ! మనవాడవు గనుకనే ఇప్పుడీయలేను. చట్టము ఒప్పదు, ఒప్పినను నా మనస్సు ఒప్పదు. నీ బిడ్డ ఈడుననే మా పిల్లవాడు ఈ గదిలో దగ్గినాడు. రెండు నెలలు ఓపిక పట్టుము" అనెను.

పత్రము ఇంటి లోపములను చెప్పి ఊరకుండలేదు. ఏయే మరమ్మతులు చేసిన ఎన్ని మార్కులు పెరుగునో వరుసగా సూచించినది. దానిని బట్టి అటుకపై పొర దట్టముగా పరపించిరి; నీటితొట్టికి తొడుగు వేయించిరి; క్రొత్త బాయిలరును, వేడిని అదుపుచేయు మీటను పెట్టించిరి. రెండు నెలల అద్దె పోయినది, చేతిసొమ్ము కరిగినది. మరల పరీక్ష చేయింపగా 57 మార్కులతో ఇల్లు 'డి' తరగతిలో నిలిచినది. అంతవరకు ఒక ఇరుకు గదిలో తలదాచుకొనిన ఆ దంపతులు డిసెంబరులో వచ్చి దిగిరి. మా అమ్మాయి వారికి తాళముచెవి కంటె ముందు ఆ పత్రము నిచ్చి, "కట్టలో దాచకుము, మొదట చదువుము" అనెను.

మనది వేడిదేశము. మన ఇండ్లకు చలి శత్రువు కాదు, ఎండ శత్రువు. వేసవిలో పై అంతస్తు కప్పు పగలెల్ల కాగి, రాత్రియెల్ల గదిలోనికి వేడిని విడుచును. పంకాలు, శీతల యంత్రములు విద్యుత్తును మ్రింగును. మన దేశమున 2001లో ఇంధన పరిరక్షణ చట్టము వచ్చినది. దానిని అనుసరించి 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి నక్షత్రముల చీటీని మీరు రెఫ్రిజిరేటర్లపై చూచియుందురు. ఆ సంస్థయే ఇండ్ల నిర్మాణమునకై 2018లో 'ఎకో నివాస్ సంహిత'ను రూపొందించి, ఇండ్లకును నక్షత్రముల చీటీ నిచ్చు పద్ధతిని స్వచ్ఛందముగా ప్రారంభించినది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది.

చీటీ లేకున్నను ప్రశ్నించుటకు అడ్డులేదు. మీ యింటివారు ఇల్లు చూడబోవునపుడు మీరును వెంట పొండు. పైకప్పు నేరుగా ఎండకు గురియగునా? పడమటి గోడకు నీడ కలదా? గాలి యెటునుండి వచ్చి యెటు పోవును? గత వేసవి కరెంటు బిల్లు ఎంత? అని అడుగుడు. మీ యిల్లు అద్దెకిచ్చు నాడు అవే ప్రశ్నలకు, అడుగకమునుపే, నిజము చెప్పుడు. వస్తువు గుణము అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. ఆ తెలియమిని లాభముగా మార్చుకొననివాడే మంచి గృహస్థు.

ప్రశ్నలు

1. పరీక్షకుడు ఇంటిలో వేనిని చూచెను? వేనిని చూడలేదు? ఏల?
2. "మనవాడవు గనుకనే ఇప్పుడీయలేను" అను మాటలోని భావమును వివరింపుము.
3. మీ ఇంటిలో వేసవి వేడిని తగ్గించుటకు చేయదగిన మూడు పనులను వ్రాయుము.