తాళం చేతికి అందాలి

విజయనగరం

చి. మనవరాలికి,

ఉస్మానియాలో స్పెషల్ ఎడ్యుకేషన్ చదువుతూనే, సాయంత్రాలు తార్నాకలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సంగీతం చెప్పబోతున్నావని మీ అమ్మ చెప్పింది. మొదలుపెట్టే ముందు మన ఊరి సంగతి ఒకటి తెలిసుండాలి.

ఇక్కడి సంగీత కళాశాల పుట్టిందే చూపు లేని ఒక కుర్రాడి వల్ల అంటారు. ఆస్థానంలో కొలువు చేసే చాగంటి జోగారావు కొడుక్కి కళ్లు కనిపించవు, సంగీతమంటే ప్రాణం. వాడికి చదువు చెప్పించే దారి వెతకబోయి, 1919లో మహారాజా విజయరామ గజపతిరాజు ఏకంగా కళాశాలే తెరిపించారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్. వయొలిన్ చెప్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడిది చిన్నప్పటి నుంచీ మందమైన చూపే. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు. ఘంటసాల, సుశీల చదివిందీ అక్కడే. ఒక్కడి కోసం వేసిన పందిట్లో ఊరంతా కూర్చుంది.

ప్రత్యేక పిల్లలనగానే రెండు రైమ్స్ నేర్పి, వార్షికోత్సవానికి స్టేజీ ఎక్కించి చేతులు దులుపుకునేవాళ్లున్నారు. నువ్వు సరళీ వరసలతోనే మొదలుపెట్టు. అవి నేర్పే మాయామాళవగౌళ రాగంలో స-రి, గ-మ, ప-ద, ని-స జంటలు దగ్గర దగ్గరగా ఉంటాయి. కింది సగం పట్టుబడితే పై సగానిదీ అదే కొలత. నెమ్మదిగా నేర్చే పిల్లకు వారమంతా స-రి ఒక్కటే చాలు.

మార్చాల్సింది చెప్పే తీరు.

ఆదితాళంలో ఎనిమిది అక్షరాలు: దెబ్బ, మూడు వేళ్లు, తర్వాత దెబ్బ వేసి చెయ్యి తిప్పడం రెండుసార్లు. ఆ తిప్పడం చూపు లేని పిల్లకు కనపడదు, వినపడదు. అందుకే పిల్ల అరచెయ్యి గురువు చేతి మీద ఉండాలి. ముందు అడిగి మరీ. మన స్వరాలు అక్షరాలే కాబట్టి భారతి బ్రెయిలీలో రాసివ్వొచ్చు. పై స్థాయికి, కింది స్థాయికి ఏ గుర్తో మొదటి రోజే పిల్లతో కలిసి ఖాయం చేసుకో. బ్రెయిలీ కనిపెట్టిన లూయీ బ్రెయిలీ స్వయంగా చర్చిలో ఆర్గన్ వాయించినవాడు. 1829 నాటి తన తొలి పుస్తకంలోనే సంగీతానికీ చుక్కలు కూర్చాడు.

వినికిడి లేని పిల్లవాణ్ణి ఓ మూల కూర్చోబెట్టకు. మృదంగం మోగుతుంటే దాని చెక్క మీద చెయ్యి ఆనించనివ్వు. స్కాట్లండ్ కళాకారిణి ఎవెలిన్ గ్లెన్నీకి పన్నెండేళ్లకే వినికిడి దాదాపు పోయింది. ఆమె చెప్పుల్లేకుండా నిలబడి, అదురును పాదాలతో అందుకుంటూ డ్రమ్స్ వాయిస్తుంది.

ఆటిజం ఉన్న పిల్లలకు గదే సగం పాఠం. తార్నాక చౌరస్తా హారన్లు, పైన మెట్రో చప్పుడు చొరబడే గది వద్దు. క్యాంపస్ లోపల, రోడ్డుకు ఎడంగా ఏదైనా దొరుకుతుందేమో అడుగు. శ్రుతిపెట్టె తక్కువ శబ్దంతో మొదలుపెట్టు. రోజూ అదే చాప, అదే వరస.

సందేహమొస్తే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఇలాంటి పిల్లల కోసం పనిచేసే జాతీయ సంస్థ ఉండనే ఉంది; వెళ్లి నిపుణుల్ని అడుగు. సంగీతంతో అన్నీ నయమైపోతాయని మాత్రం ఏ తల్లికీ మాటివ్వకు. నెల తిరిగాక ఏ పిల్ల ఏ వరస దగ్గర ఆగిందో రాసి పంపు.

ఇట్లు,
మీ తాతయ్య